లేఖకుల తప్పులు, నా దిద్దుబాట్లు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరైనా "మీరేం చేస్తుంటారమ్మా" అని అడిగితే "రెండు కోసం వెతుకుతుంటాను" అనేదాన్ని. అడిగినవాళ్ళు మర్యాదకి నవ్వి, రెండో ప్రశ్న వెయ్యకుండా వెళ్ళిపోయేవారు. అందులో వేళాకోళం కొంతే. స్లావ్ భాషల్లో ద్వివచనం ఎలా పోయింది, పోయి ఎక్కడ దాక్కుంది అని చూడడమే నా కొలువు.

భాషాశాస్త్రంలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికి వస్తారు. ఏం చదవాలి, ఎక్కడ అచ్చు వేయించాలి అని అడుగుతారు. అవి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది పని లోపల ఎలా ఉంటుందో, అంతే. ప్రమోషన్లు నాకూ వచ్చాయి, నా సబ్జెక్టుకి తగ్గట్టు సరిగ్గా రెండు. వాటి సంగతి సర్వీసు రిజిస్టరులో ఉంది, అక్కడే ఉండనిద్దాం. నన్ను పనిమంతురాలిని చేసింది అరవైల చివర్లో హైదరాబాదులో, తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో నేను చేసిన ఒక తప్పు. రెండేళ్ళ పాటు శ్రద్ధగా, గుండ్రటి అక్షరాలతో చేశాను దాన్ని.

ఒకటి, రెండు, చాలా

ముందు విషయం చెప్పాలి, లేకపోతే నా తప్పు గొప్పతనం మీకు తెలియదు.

తెలుగులో ఒకటైతే ఏకవచనం, మించితే బహువచనం. సంస్కృతం చదివినవాళ్ళకి ఆ రెంటి మధ్య ఇంకో గది ఉందని తెలుసు. సరిగ్గా ఇద్దరికి మాత్రమే సరిపోయే గది, ద్వివచనం. రష్యన్, పోలిష్, చెక్, స్లొవీన్ లాంటి భాషలన్నిటికీ తల్లి అయిన భాషలోనూ అది ఉండేది. స్లొవీన్ వాళ్ళు ఇప్పటికీ అందులో కాపురం ఉంటున్నారు. "ఇద్దరం వెళ్ళాం" అనడానికీ "అందరం వెళ్ళాం" అనడానికీ వాళ్ళకి క్రియ వేరు. మిగతావాళ్ళు చాలామంది గది ఖాళీ చేశారు, సామాన్లు కొన్ని వదిలేసి. చెక్ భాషలో చేతులకీ కాళ్ళకీ కళ్ళకీ ఒక విభక్తిలో పాత ద్వివచనపు తొడుగే ఉంది. రష్యన్‌లో బల్ల అంటే "స్తోల్", బల్లలంటే "స్తలీ". రెండు బల్లలు అనేటప్పుడు మాత్రం "ద్వా స్తలా" అనాలి. ఆ "స్తలా" పాత ద్వివచనమే. సొంత ఇల్లు పోయాక పక్కనున్న మూడు దగ్గరా నాలుగు దగ్గరా కూడా పనికి కుదిరింది. అయిదు గడప మాత్రం తొక్కనివ్వలేదు.

ఈ ఖాళీ చెయ్యడం ఏ వరసలో జరిగింది అన్నది నా ప్రశ్న. మాట్లాడినవాళ్ళు లేరు. వాళ్ళ మఠాల్లో సన్యాసులు రాసిన చరిత్రలు ఉన్నాయి. ఒకే చరిత్రని ఒకరు రాస్తే, తరాల తర్వాత ఇంకొకరు దాన్ని చూసి తిరిగి రాశారు, ఆ తర్వాత మరొకరు. ఆ చేతిరాత ప్రతుల ఫోటోలు అచ్చువేసిన పెద్ద పెద్ద పుస్తకాలు చెక్క పెట్టెల్లో మా లైబ్రరీకి వచ్చేవి. పుస్తకాలు లైబ్రరీ తీసుకునేది, పెట్టెలు నేను తీసుకునేదాన్ని. వాటి చెక్కతోనే నా స్లిప్పుల ట్రేలు చేయించుకున్నాను.

నల్ల సిరా

మా ఆచార్యులు శేషాద్రి గారు సంస్కృతంలోంచి స్లావ్ భాషల్లోకి వచ్చినవారు. వ్యాకరణంలో మూడు వచనాలూ ఆయనకి కొట్టినపిండి. మనుషుల దగ్గర మాత్రం ఏకవచనమే, పక్క శాఖ అధిపతినైనా "నువ్వు" అనేవారు. ఆయన పద్ధతి ఇది: చదివే ప్రతి వాక్యంలో ఇద్దరు మనుషులో రెండు వస్తువులో కనిపిస్తే దాన్ని ఒక స్లిప్పు మీద ఎక్కించాలి. ఏ ప్రతి, ఏ పుట, ఏ వరస, ఏ రూపం. నల్ల సిరా. కొట్టివేతలు ఉండకూడదు. శనివారం ఆయన ట్రే ముందేసుకుని ఒక్కొక్క స్లిప్పూ తిరగేసేవారు.

"చూడు, ఇలా ఉండాలి," అని నా ట్రే చూపించి మిగతా పరిశోధక విద్యార్థులకి చెప్పేవారు. నా పక్క బల్ల యాదగిరిది. భువనగిరి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటివాడు, హాస్టల్లో ఉంటూ ఇప్పటి రష్యన్ మీద పని చేస్తున్నాడు. అతని ట్రే చూస్తే ఆచార్యుల ముఖం ముడుచుకునేది.

"అక్కా, నువ్వు జర నీ దస్తూరీ ఖరాబు చెయ్యరాదు," అనేవాడు. "నీ వల్ల వారానికోసారి నా ఇజ్జత్ పోతున్నది."

నా దస్తూరీ వెనక కథ ఉంది. మేము గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రికార్డు గుమాస్తా. ఇంటి ఎదుట చర్చి. ఆరో తరగతి నుంచే చర్చి నోటీసులన్నీ నా చేతిమీదుగా పోయేవి. పాస్టరు గారి వాక్యాలు కూడా దిద్దేదాన్ని, ఆయన గమనించేవారు కాదు. అక్షరాలు దిద్దుకోవాల్సిన వయసులో అందరి అక్షరాలూ దిద్దాను. మంచి మార్కులు వచ్చే పిల్లలకి పట్టే జబ్బు అది, నాకు ముదిరింది.

ఆ జబ్బుతోనే ఫోటోల ముందు కూర్చున్నాను. ఇద్దరు అన్నదమ్ముల గురించి రాస్తూ లేఖకుడు బహువచన క్రియ రాసేవాడు. నాకు ప్రాణం ఉసూరుమనేది. పాపం పొరపాటు పడ్డాడు, ఫోటో కూడా మసగ్గా ఉంది, అసలు ద్వివచనమే అయి ఉంటుంది అనుకుని, స్లిప్పు మీద చక్కగా ద్వివచనం రాసేదాన్ని. పోయి అయిదారు వందల ఏళ్ళయిన సన్యాసికి పేపరు దిద్దానన్నమాట. దిద్దుతున్నానని నాకే తెలియదు. చెయ్యి దానంతట అదే దిద్దేది.

రెండేళ్ళయ్యాక ఆచార్యులు నా ట్రేలన్నీ వరసగా పేర్పించి చూశారు. ముందు కాలపు ప్రతిలో ద్వివచనం నిక్షేపంగా ఉంది. నడిమి ప్రతిలో నిక్షేపంగా ఉంది. చివరి ప్రతిలోనూ అంతే.

"ఏమిటమ్మా సుశీలా, మన దగ్గర ఇది చావటం లేదే," అన్నారు. "ఊళ్ళో అందరూ పోయిందంటున్నారు, నీ ట్రేలో మాత్రం బొద్దుగా ఉంది."

నవ్వుతూనే అన్నారు. మర్నాడు మాత్రం నవ్వలేదు. నా పని చూసి పరిశోధన రిజిస్ట్రేషన్ కొనసాగించాలా రద్దు చెయ్యాలా అని తేల్చడానికి కమిటీ ఇరవై రోజుల్లో కూర్చుంటుంది. బయటి నుంచి రాబోయే నిపుణుడు ముందే ఉత్తరం రాశారు: హైదరాబాదులో కూర్చుని ఈ విషయం చెయ్యడం కుదిరే పని కాదు, కొత్త సంగతేదీ లేకపోతే విషయం మూసేయడం మేలు. రద్దయితే నాకు వర్క్‌షాపులో టైపిస్టు ఉద్యోగం సిద్ధంగా ఉంది. నాన్న బలవంతం చెయ్యలేదు. దరఖాస్తు తెచ్చి నా పుస్తకాల మీద పెట్టి, గాలికి ఎగరకుండా దాని మీద నా సిరా బుడ్డి పెట్టారు.

లాలాగూడలో ఒక మధ్యాహ్నం

ఆ వారమే అమ్మకి ఒంట్లో బాగాలేక నాన్నకి క్యారియర్ నేను పట్టుకెళ్ళాను. రికార్డు గది తలుపు దగ్గరికి వెళ్ళేసరికి లోపల మల్లేశం గారు నిలబడి ఉన్నారు. నాన్న కింద పనిచేసే గుమాస్తా, తల నెరిసిన మనిషి. బల్ల మీద మరమ్మతుల రిజిస్టరు తెరిచి ఉంది. వర్క్‌షాపుకి వచ్చే ప్రతి వ్యాగనుకీ ఏం పాడైంది, ఏం బాగుచేశారు అని రాసే పుస్తకం అది.

"ఇక్కడ ఎవరు గీకారు మల్లేశం?" అన్నారు నాన్న.

"నేనే సార్. తప్పు పడ్డది. బ్లేడు పెట్టి సాఫ్ చేసిన."

"సాఫ్‌గానే ఉంది. కాగితం అవతల పక్క కూడా కనిపిస్తంది."

"మంచిగుండాలని చేసిన సార్. రేపు ఇన్‌స్పెక్షన్ ఉన్నది గద."

"చూడు మల్లేశం. తప్పు రాసినోణ్ణి నేనెప్పుడన్నా ఒక్క మాటన్నానా? అడ్డంగా ఒక గీత కొట్టు, పక్కన సంతకం పెట్టు, కింద సరైంది రాసుకో. కింద అక్షరం కనపడాలి. రేపు ఆ వ్యాగను దారిలో నిలబడిపోతే, ఇక్కడ చెయ్యి ఎక్కడ జారిందో ఆ తప్పు చెబుతుంది. నువ్వు గీకేశావు. ఇప్పుడు ఎవర్నడగాలి? బ్లేడునా?"

మల్లేశం గారు తల గోక్కున్నారు. "ఇగ సంతకం ఏడ పెట్టాలె సార్, కాగితమే లేకపాయె," అన్నారు. నాన్నకి నవ్వొచ్చింది. నాకు రాలేదు. క్యారియర్ బల్ల మీద పెట్టి, అన్నం తినమని కూడా చెప్పకుండా బయటపడ్డాను.

లాలాగూడ నుంచి క్యాంపస్‌కి నడిచే వెళ్ళాను. తార్నాక చౌరస్తా దాటి, బండరాళ్ళ మధ్య కాలిబాట పట్టుకుని, నేరుగా లైబ్రరీకి. చివరి కాలపు ప్రతి తెరిచి, నా స్లిప్పు ఒకటి పక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చాను. స్లిప్పులో ద్వివచనం ఉంది. ఫోటోలో లేదు. రెండోది తీశాను, సరిగ్గా ఉంది. మూడోది లేదు. నాలుగోది లేదు. నా చేతిలో బ్లేడు లేదు, అంతే తేడా.

చెప్పడం

ఆచార్యుల గది బయట కాసేపు నిలబడ్డాను. లోపలికి వెళ్ళి స్లిప్పూ పుస్తకమూ ఆయన ముందు పెట్టి, జరిగింది చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

"రెండేళ్ళు," అన్నారు.

"అవునండీ."

"ద్వివచనం మీద సరిగ్గా రెండేళ్ళు." స్లిప్పు తీసి పుస్తకం పుట మీద ఆనించి చూశారు. "శనివారం శనివారం నేను చూసింది నీ దస్తూరీనేనమ్మా. ఒక్కసారీ ఆ పుస్తకం తెప్పించి పక్కన పెట్టుకోలేదు. నీ తప్పు స్లిప్పుల మీద ఉంది. నాది స్లిప్పు మీద లేదు, అంతే. కమిటీకి ఇంకెన్ని రోజులున్నాయి?"

అధికారుల గురించి నా అభిప్రాయం ఇక్కడ చెప్పేస్తాను. తర్వాత నేను చాలామంది కింద పనిచేశాను, కొందరి పైన కూడా. శుభ్రంగా ఉన్న పనిని చూసి తృప్తిపడే అధికారి ప్రమాదకారి. తన వాటా తప్పు తానే ముందు చెప్పే అధికారి దొరికితే వదలకండి. శేషాద్రి గారు ఒకే మనిషిలో ఆ ఇద్దరూ. ద్వివచనానికి అర్హులు.

తెలియనివాడి సాయం

అన్నీ తిరిగి చెయ్యడానికి వ్యవధి లేదు. మూడు ప్రతులు ఎంచుకున్నాం. ఒకటి ముందు కాలానిది, ఒకటి నడిమిది, ఒకటి చివరిది. మూడింటిలోనూ అవే కథలు. చిక్కల్లా నా చెయ్యి. దాన్ని నమ్మడానికి లేదు. ఫోటో నా కళ్ళ ముందుంటే అది మళ్ళీ దిద్దుతుంది.

అప్పుడు యాదగిరి గుర్తొచ్చాడు. రష్యన్ అక్షరాలు అతనికి వచ్చు, పాత వ్యాకరణం బొత్తిగా రాదు. వెళ్ళి అడిగాను.

"నాకు పాత భాష ఏం తెల్వదక్కా."

"అందుకే నువ్వు కావాలి."

"ఇన్ని దినాలకు నాకు తెల్వనిదానికి గిరాకీ వచ్చింది," అని కుర్చీ లాక్కున్నాడు. "శేషాద్రి సారుకు గూడ చెప్పు, నా దగ్గర ఇంకా చాలా స్టాకున్నది."

పాత అక్షరాలు కొన్ని కాగితం మీద రాసిచ్చాను. నియమం ఒక్కటే. అతను ఫోటో చూసి ఒక్కొక్క అక్షరం పైకి చదవాలి. నేను పుస్తకం వైపు చూడకూడదు, విన్నది విన్నట్టు రాయాలి. లైబ్రరీ వెనక వరండాలో నేను అతని వైపు వీపు పెట్టి కూర్చునేదాన్ని. మొదటి రోజే ఒకచోట ఆగి, "సరిగ్గా చూడు, చివర ఇంకో అక్షరం ఉండాలే," అన్నాను.

"ఉండాల్నంటే నాకేం తెల్సు? లేదు."

"మసగ్గా ఉందేమో."

"మసక లేదు ఏం లేదు, అద్దం లెక్క ఉన్నది. అక్కా, చచ్చిపోయినాయన మీద నీకేం పగ? ఆయన రాసింది రాసినట్టు ఉండనియ్."

ఆ మాట తర్వాత విన్నది విన్నట్టే రాశాను. సరైన రూపాలకి నల్ల సిరా, లేఖకుడి తప్పులకి ఎర్ర సిరా. నేను ముందు దిద్దేసినవి పారెయ్యకుండా వేరే ట్రేలో వేశాను, ఎందుకో అప్పటికి తెలియదు. సాయంత్రాలు తార్నాకలో ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ఆ రోజు స్లిప్పులు బల్ల మీద పరుచుకునేవాళ్ళం. హోటలాయన ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు పెట్టడానికి చోటు లేక మా పక్క కుర్చీ మీద పెట్టిపోయేవాడు.

పన్నెండో రోజున ఆ బల్ల మీదే అది కనబడింది. ముందు కాలపు ప్రతిలో ఎరుపు దాదాపు లేదు. నడిమిదాన్లో అక్కడక్కడా. చివరిదాన్లో బల్లంతా ఎరుపు. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి. "రెండు" అన్న మాట పక్కనే ఉన్న చోట లేఖకుడి చెయ్యి జారలేదు. దాని పక్కనుంచి వాక్యం ముందుకి పోయి, క్రియ దగ్గరికి వచ్చేసరికి జారింది. గది ఖాళీ చేసినవాళ్ళు ఏ సామాను ముందు బయటపెట్టారో ఎర్ర సిరా వరసగా చెబుతోంది. క్రియలు ముందు వెళ్ళాయి. "రెండు"ని పట్టుకుని వేలాడుతున్న నామవాచకాలు చివరిదాకా ఉన్నాయి, ఇప్పటి "ద్వా స్తలా" లాగా.

"ఏమైందక్కా, చాయ్ సల్లారుతున్నది," అన్నాడు యాదగిరి.

చెప్పాను. ఎంత అర్థమైందో తెలియదు, రెండో చాయ్ అతనే చెప్పాడు.

కమిటీ

నిపుణుడు సన్నగా, పొడుగ్గా, చేతికర్రతో వచ్చారు. ఆచార్యులు నా నల్ల ట్రే ముందుకి జరిపితే దాన్ని పక్కకి నెట్టి, ఎర్ర స్లిప్పుల ట్రే లాక్కున్నారు. ఆయన ఇంగ్లీషులో అడిగారు, నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. రెంటినీ ఇక్కడ తెలుగు చేస్తున్నాను, నా వైపు కొంచెం బాగుపడినట్టుంటే క్షమించండి.

"ఇవన్నీ తప్పులా?"

"తప్పులేనండీ."

"నిద్రమత్తులో రాసినవి కావని ఎలా చెబుతావు? చెయ్యి నొప్పి పుట్టి ఉండొచ్చు. దీపం సరిగ్గా లేకపోవచ్చు. ద్వివచనం అతని నోట్లో లేదు కాబట్టే రాయలేదని రుజువేది?"

నా పనంతా ఆ ప్రశ్న మీద నిలబడి ఉంది. శేషాద్రి గారు నా వైపు చూశారు. నేను ఇంకో కట్ట తీశాను. యాదగిరి చివరి ప్రతి చదువుతుంటే, ఇద్దరు లేనిచోట కూడా ద్వివచనం వినబడి వేరుగా రాసి పెట్టుకున్న స్లిప్పులవి, పదిహేను ఇరవై ఉంటాయి. ముగ్గురు అన్నదమ్ములు వచ్చారు అన్నచోట లేఖకుడు ద్వివచన క్రియ రాశాడు. ఒక గుంపు మొత్తం వెళ్ళింది అన్నచోటా అదే.

"నిద్రమత్తులో మనిషి తనకి అలవాటైనదే రాస్తాడండీ. ఇది ఎవరికీ అలవాటు కాదు. ద్వివచనం నోట్లో ఉన్నవాడు ముగ్గురికి దాన్ని వాడడు. ఈయన నోట్లో అది లేదు. పాత పుస్తకాల్లో చూశాడు, పెద్దల భాష అని గౌరవం. బాగా రాయాలనుకున్నాడు. బాగా రాయాలనే తపనలో లేనిచోట కూడా పెట్టి దిద్దాడు."

"అతని మనసులో సంగతి నీకెలా తెలుసు?"

అప్పుడు మూడో ట్రే ఎందుకు దాచానో నాకు తెలిసింది. దాన్ని ఎత్తి ఆయన ముందు పెట్టాను.

"ఇవి నేను దిద్దినవండీ. రెండేళ్ళు. ద్వివచనం నా నోట్లోనూ లేదు, నేనూ పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. బాగా రాయాలని నేనూ ఇదే పని చేశాను. చూడండి, ఇద్దరం ఒకే బడి."

ఆయన నా ట్రేలోంచి ఒక స్లిప్పు, లేఖకుడి కట్టలోంచి ఒక స్లిప్పు తీసి పక్కపక్కన పెట్టారు. ఇంకో జత. ఇంకో జత. భోజనాల వేళయిందని శాఖ గుమాస్తా తలుపు తీసి చూస్తే, రావద్దని చేతికర్రతోనే సైగ చేశారు.

చివరికి శేషాద్రి గారితో, "ఈ విషయం మూసేయమని ఎవరో ఉత్తరం రాశారు కదా, అది చించెయ్యండి," అన్నారు. తర్వాత నాతో, "ఈ మూడు ట్రేలూ సాయంత్రం దాకా నా దగ్గర ఉంచుతావా?"

"మీ ఇష్టం, ఎంతసేపైనా," అన్నారు శేషాద్రి గారు, ఇంగ్లీషు మరిచి తెలుగులో. ఆయన అక్కడికి వచ్చిన పన్నెండేళ్ళలో ఇంకొకరిని బహువచనంలో అనడం మా శాఖ మొదటిసారి విన్నదని తర్వాత పెద్దవాళ్ళు చెప్పారు. వరండాలో యాదగిరి నా ముఖం చూశాడు. "నా తెల్వనితనం పాసైందా?" అన్నాడు, అంతే.

సంతకం

మరునాడు ఆదివారం. మూడు ట్రేలూ రిక్షాలో పెట్టుకుని లాలాగూడ ఇంటికి తెచ్చాను, నాన్నకి చూపిద్దామని. టైపిస్టు దరఖాస్తు సిరా బుడ్డి కిందే ఉంది. నాన్న దాన్ని తీసి, నాలుగు మడతలు పెట్టి, కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దోపారు. ఆ తర్వాత కుర్చీ వేసుకుని, చర్చి నుంచి వచ్చిన బట్టల్లోనే స్లిప్పులు చూశారు. ఒక్క అక్షరం ఆయనకి తెలియదు. అయినా రికార్డు గుమాస్తా కదా, ఒక్కొక్కటీ తిరగేసి చూశారు. నల్ల ట్రే చూసి తల ఊపారు. ఎర్ర ట్రే చూసి, "ఇవి సన్యాసులవి," అన్నారు. మూడో ట్రే దగ్గర ఆగారు.

"ఇవి నీయ్యా?"

"అవును నాన్నా."

"మరి సంతకాలేవి?"

ఆయన చొక్కా జేబులోంచి పెన్ను తీసి, మూత తిప్పి నాకిచ్చారు.

ఆ మధ్యాహ్నమంతా గుమ్మంలో కూర్చుని, ఒక్కొక్క తప్పు మీదా సన్నటి గీత కొట్టి, పక్కన నా పేరు రాశాను. కింది అక్షరం కనబడేలా. అమ్మ మధ్యలో రెండుసార్లు టీ ఇచ్చింది. నాన్న పక్కనే కూర్చుని, సిరా ఆరిన స్లిప్పుల్ని వరస తప్పకుండా ట్రేలో పేర్చారు. తర్వాత ఉద్యోగంలో చాలా పెద్ద కాగితాల మీద సంతకాలు పెట్టాను. వాటిలో ఏ ఒక్కటీ నాకు గుర్తులేదు. ఆ ట్రేలోవి మాత్రం అన్నీ గుర్తున్నాయి. నా దగ్గరికి కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ మొదటి రోజు ఇచ్చింది ఆ ట్రేనే.